పిన్ను పుస్తకాల యాకమ్మక్క

జిరాక్సు మిషన్లోంచి అప్పుడే బయటపడిన కాగితాలకు పెనం మీంచి దించిన సర్వపిండి వేడి ఉంటుంది. ఈమధ్య స్టేషన్ ఘన్‌పూర్ బస్టాండు పక్క దుకాణంలో అలాంటి కట్ట ఒకటి నా అరచేతిలో పడింది. నా సంచిలోని పిన్నుల డబ్బా తీసిచ్చాను. దుకాణం ఆమె ఆ పిన్నులు స్టేప్లర్లో వేసి, కాగితాలను మధ్యకు మడిచి రెండు దెబ్బలు కొట్టింది. ఆ చప్పుడుకు దుకాణం కప్పు లేచి రఘునాథపల్లిలో పడింది. నా ఒక్కడికే. ఆమె తలెత్తి కూడా చూడలేదు. నాకు యాకమ్మక్క గుర్తొచ్చింది.

యాకమ్మక్క మానుకోట దిక్కున ఒక శాఖా గ్రంథాలయంలో లైబ్రేరియన్. ఊరి పేరు చెప్పను. అక్కడివాళ్లలో కొందరు ఇంకా బతికే ఉన్నారు, నాకూ ఇంకొన్నాళ్లు బతకాలని ఉంది. లైబ్రరీ అంటే రెండు గదులు, ఒక పెరడు, పెరట్లో మునగచెట్టు. ఫ్యాను వేస్తే గాలి కన్నా తుప్పు ఎక్కువ రాలేది. పేపరు కోసం వచ్చే పెద్దమనుషులు ఒక్క పేపరును పదహారు ముక్కలుగా పంచుకుని, ఎవరి ముక్కలోని దేశాన్ని వాళ్లు ఏలుకునేవారు. నేనప్పుడు ఆ ఊరి మండల ఆఫీసులో జూనియర్ అసిస్టెంటును. ఆఫీసర్ల కంట పడకుండా ఉండటానికి లైబ్రరీని మించిన చోటు జిల్లాలో లేదు. అక్కడికి వాళ్లెవరూ రారు.

ఆ లైబ్రరీ కిటికీ పక్కన ఒక దండెం ఉండేది. దాని మీద బట్టలకు బదులు పుస్తకాలు వేలాడేవి. నాలుగు కాగితాలు మడిచి, రెండు పిన్నులు కొట్టిన చేతిరాత పుస్తకాలు. మ్యాగజీన్‌లో తోక ముక్క తీసుకుని పట్నంవాళ్లు వీటిని జీన్లు అంటారని తర్వాత తెలిసింది. మేము పిన్ను పుస్తకాలు అనేవాళ్లం. ఎవరైనా రాయొచ్చు. రాయడం రానివాళ్లు చెబితే యాకమ్మక్కే రాసిపెట్టేది. ఊళ్లో ఎవరి నడుము ఏ పెళ్లి తర్వాత ఎంత పెరిగిందో టైలరు రాసిన పుస్తకం అన్నిటికన్నా ముందు నలిగిపోయింది. ‘అచ్చయినోళ్లయి బీరువల ఉన్నయి. ఊరోళ్లయి యాడ ఉండాలె?’ అనేది ఆమె. ప్రతి దాన్నీ రిజిస్టరులో ఎక్కించి, ముద్ర కొట్టి, నంబరు వేసేది. నంబరు పడ్డాక తీసేది లేదు. అది ఆమె చట్టం.

ఇంకో అలవాటు కూడా ఉండేది. నంబరు వేసే ముందు రాసినవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి, ‘గిందుల నిజమెంత?’ అని అడిగేది. వాళ్లు చెప్పిన జవాబును చివరి పేజీలో పెన్సిలుతో చిన్నగా రాసేది.

నాకు తీట ఎక్కువ కాబట్టి ఒకసారి ఆమె మీదే రాశాను. ఈవిడ పొద్దున తాళం తీసి నిద్రపోతే గురకకు బీరువాలో పుస్తకాలు వరుస మారతాయనీ, చదవడానికి వచ్చినవాళ్లను బెత్తంతో మానుకోట స్టేషన్ దాకా తరుముతుందనీ, గడువులోగా పుస్తకం తిరిగిచ్చినవాళ్లకు మునక్కాయలు లంచమిస్తుందనీ. చింపేస్తుందనుకున్నాను. కళ్లద్దాలు తుడుచుకుంటూ రెండుసార్లు చదివింది. తర్వాత అదే ప్రశ్న. ‘మునక్కాయలొక్కటే అక్కా’ అన్నాను. ‘నిజం: మునక్కాయలు’ అని పెన్సిలుతో రాసి, నంబరు వేసి, దండెం మీద అందరికీ కనబడేచోట తగిలించింది. వెళ్లేటప్పుడు నా చేతిలో నాలుగు కాయలు పెట్టింది.

మంగ్తి వచ్చింది ఆ తర్వాతి వేసవిలో. తండా మనిషి. మిరపతోట ఏపుగా పెరిగి కాయ కాయకపోతే, ఆమె పెనిమిటి ఆ తోటలోనే పురుగుల మందు తాగాడు. దవాఖానకు చేరలేదు. అచ్చు వేసిన కాగితాలన్నీ లైబ్రరీలో దాస్తారని ఎవరో చెబితే, ఖాళీ విత్తనాల పాకెట్టు పట్టుకుని వచ్చింది. యాకమ్మక్క రెండు మధ్యాహ్నాలు ఆమెను కూర్చోబెట్టుకుంది. మంగ్తి తన భాషలో చెబుతుంటే తెలుగు అక్షరాల్లో రాసింది. మొలక వచ్చిన రోజు ఆయన ఏమన్నాడు, పూత రాని రోజు ఏమన్నాడు, ఆఖరి రోజు ఏమీ అనకుండా ఎలా పోయాడు, విత్తనాలు ఏ దుకాణంలో కొన్నాడు. పాకెట్టునే అట్టగా అంటించింది. రిజిస్టరులో భాష అన్న గడిలో మొదటిసారి ‘లంబాడి’ అని పడింది.

‘గిందుల నిజమెంత, బిడ్డా?’

‘అంతా నిజమే. తక్కువనే చెప్పిన’ అంది మంగ్తి. తర్వాత అడిగింది: ‘నంబరేస్తె ఎవ్వరు తియ్యరా?’

‘తియ్యరు.’

నెల తిరక్కుండా చుట్టుపక్కల తండాల ఆడవాళ్లు ఆ పుస్తకాన్ని చూడటానికి రాసాగారు. అలాంటి పాకెట్లే పట్టుకుని వచ్చారు. ఆ విత్తనాలమ్మిన షావుకారికి సంగతి తెలిసింది. ఆయన స్వయంగా వచ్చి, చెప్పులు బయట విడిచి, చాలా మర్యాదగా దాన్ని తీసేయమన్నాడు. నేను పేపరు ముక్క చాటున ఉన్నాను. యాకమ్మక్క దండెం మీంచి నా పుస్తకం తీసి ఆయన ముందు పెట్టింది. ‘నా మీద రాసిందే నేను తియ్యలె. మీదెట్ల తీస్త సార్?’

ఆయన నా పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చదివాడు. ఒక్కచోట కూడా నవ్వలేదు. నా జీవితంలో అంత శ్రద్ధగా నన్ను చదివిన పాఠకుడు మరొకడు లేడు.

పదిహేను రోజుల్లో విచారణ వచ్చింది. పనివేళల్లో నిద్ర, పాఠకులను కొట్టడం, లంచం. రుజువు నా పుస్తకం. మా ఆఫీసు గదిలోకి నన్ను పిలిచారు. టేబుల్ మీద దాని జిరాక్సు ఉంది. మా ఆఫీసరు నా వెనకే నిలబడ్డాడు. నా ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. ‘ఇది మీ రాతేనా?’ అని అడిగారు. కాగితాలు తిప్పాను. చివరి పేజీ లేదు. పెన్సిలు రాసిన పేజీ ఒక్కదాన్నే జిరాక్సు తీయలేదు. ఒక్క మాట చెబితే సరిపోయేది. జీవితమంతా అవసరం లేనిచోట వెయ్యి మాటలు పోగేసినవాణ్ణి, అక్కడ రెండే అన్నాను: ‘నాదే సార్.’

యాకమ్మక్కను మహదేవపూర్ దిక్కు, గోదావరి ఒడ్డుకు బదిలీ చేశారు. దండెం తెంపేశారు. పిన్ను పుస్తకాలన్నీ పాత పేపర్లతో కలిసి పోయాయి. ఒకరోజు మంగ్తి వచ్చి కిటికీ దగ్గర, దండెం ఉండిన చోట నిలబడింది. నన్ను చూసి, ‘నంబరేసిన్రు గద సార్?’ అంది. నేను చెప్పులు వెతుక్కున్నాను.

ఆరునెలలకు ధైర్యం తెచ్చుకుని మహదేవపూర్ బస్సెక్కాను. ఎక్కేటప్పుడు నల్లగా ఉన్న నా జుట్టు దిగేసరికి నెరిసింది. ఆమె చిక్కిపోయింది. ఆ ఒంటిగది లైబ్రరీలో కిటికీకి అప్పటికే కొత్త తాడు కట్టి ఉంది. దాని మీద ఇంకా ఏమీ లేదు. నేను ఏదో మొదలుపెట్టబోయాను.

‘నీ పుస్తకం మంచిగనే ఉండె తమ్మీ. నవ్వరానోళ్ల చేతిల పడ్డది’ అంది. తాడు ముడి బిగిస్తూ, ‘ఆఖరి పేజి లేదని నీకు ఎరుకైందా?’ అని అడిగింది.

‘ఎరుకైంది అక్కా.’

చాయ్ పోసిచ్చింది. నేను లేచేటప్పుడు, ‘జర పిన్నుల డబ్బ తోలియ్యి. ఈడ దొర్కుతలెవ్వు’ అంది. మర్నాడే కొన్నాను. రేపు పంపుదాం, ఎల్లుండి నేనే తీసుకుపోదాం అనుకుంటూ నెలలు గడిపాను, వానలు పట్టుకున్నాయి. ఆమెకు జ్వరం వచ్చింది. వాగు దాటి దవాఖానకు తీసుకుపోయేలోపే పోయింది. డబ్బా నా సంచిలో ఉండిపోయింది.

మొన్నీమధ్య పాత లైబ్రరీకి వెళ్లాను. అన్ని పిన్ను పుస్తకాల్లోనూ మిగిలింది ఒక్కటే. నాదే. విచారణ ఫైలుతో పోయి ఫైలుతో తిరిగొచ్చింది. ఆమె గుండ్రటి అంకెల్లో నంబరు, చివరి పేజీలో పెన్సిలు రాత అలాగే ఉన్నాయి. దీన్ని తీసేయండమ్మా అని కొత్త మేడమ్‌ను అడిగాను. ‘నంబరు పడ్డది సార్, ఎట్ల తీస్త?’ అంది.

అక్కణ్నుంచి తండాకు వెళ్లి మంగ్తిని మళ్లీ చెప్పమన్నాను. ‘సగం మర్శిపోయిన సార్’ అంది. పదహారు పేజీల్లో ఏడే నిండాయి. మిగతావి నేను నింపగలను, నాకది చిటికెలో పని. నింపలేదు. నిజమెంత అని అడిగితే, ‘యాదికున్నంత’ అంది. ఆ మాటే చివరి పేజీలో పెన్సిలుతో రాశాను. ఘన్‌పూర్లో చివరి పేజీతో సహా జిరాక్సు తీయించి రెండు పిన్నులు కొట్టించింది ఆ పుస్తకానికే. కొత్త మేడమ్ దాన్ని టేబుల్ మీద పెట్టుకుంది, పైవాళ్లను అడగాలంది. నంబరు ఇంకా పడలేదు. ప్రతి సోమవారం వెళ్లి అడిగి వస్తున్నాను.

ఇప్పుడు నేను రాసిన దీనికీ చివరి పేజీ ఉండాలి. పెంచినవి: దుకాణం కప్పు, పేపరు పదహారు ముక్కలు, బస్సులో నెరిసిన జుట్టు. మిగిలిందంతా నిజం. తక్కువనే చెప్పిన.