తాబేలు పిల్లను సాగనంపబోయి

ఉద్యోగం నుంచి రిటైరైన కొత్తలో మనిషికి రెండోసారి కుర్రతనం వస్తుందని నా అనుభవం. మొదటిసారి వచ్చినప్పుడు అదుపు చేయడానికి నాన్న ఉండేవాడు. రెండోసారి ఎవరూ ఉండరు. ఆ రోజుల్లో నాకు లోకంలో ప్రతి పనీ తప్పుగా జరుగుతున్నట్టే కనిపించేది. పటమటలో సిటీ బస్సు ఆగే చోటు, పార్కులో జనం నడిచే దిక్కు, ఆఖరికి పక్కింటివాళ్లు మొక్కలకు నీళ్లు పోసే వేళ కూడా నా డైరీలో విమర్శకు గురయ్యాయి. (చదువుకునే రోజుల నుంచి డైరీ ఒక్కరోజు తప్పలేదు. జ్వరం వచ్చిన రోజున ‘జ్వరం’ అని రాశాను.) అలాంటి మనిషిని వెంటబెట్టుకుని అండమాన్ వెళ్లడం మా ఆవిడ చేసిన సాహసం. తోడుగా ఉయ్యూరు నుంచి మా తోడల్లుడు, మరదలు వచ్చారు. మా ఆవిడకు అక్కడ ఒక్కటే కోరిక: గుడ్డులోంచి వచ్చిన తాబేలు పిల్ల సముద్రంలో కలవడం కళ్లారా చూడాలి. నాలుగు సాయంత్రాలు ఒడ్డున ఉన్న తాబేళ్ల సంరక్షణ కేంద్రానికి వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చాం. ఐదో సాయంత్రం, అంటే తెల్లవారితే మా తిరుగు ప్రయాణమనగా, పిల్లలు బయటికొచ్చాయని కబురందింది.

ఆ సంరక్షణ కేంద్రాన్ని చూసుకునే అమ్మాయి తెలుగు పిల్లే. తాతలది శ్రీకాకుళమట. ఇసుకలో కంచె కట్టి పొదిగించిన పిల్లల్ని తొట్టిలో పెట్టి తెచ్చింది. అరచేతిలో సగం ఉంటాయేమో, నల్లగా, తడి బొగ్గుముక్కల్లా ఉన్నాయి. మమ్మల్ని ఒక తాడు వెనక నిలబెట్టి, నీళ్లకు చాలా దూరంలో, పొడి ఇసుక మీద వాటిని వదిలేసింది. నాకు ఒళ్లు మండింది. మా కృష్ణా జిల్లాలో చుట్టం బయలుదేరితే గుమ్మంలో చెయ్యి ఊపి లోపలికి పోవడం ఉండదు. సంచి మనమే మోసుకుని బస్టాండుకు వెళతాం, కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుతాం, బస్సు కదిలేదాకా ఊచ పట్టుకుని నిలబడతాం. పుట్టిన పూట పసిగుడ్డును ఇలా పంపిస్తారా?

“ఏమ్మా, ఇంకాస్త ముందుకెళ్లి నీళ్లల్లోనే వదలొచ్చుగా?” అన్నాను.

“వదలకూడదండీ అంకుల్. అవే నడవాలి. అలా నడిస్తేనే ఈ ఒడ్డు గుర్తుంటాదంటారు. పెద్దయ్యాక గుడ్లు పెట్టడానికి మళ్లీ ఇక్కడికే రావాలి కదా.”

“నేను చల్లపల్లిలో పుట్టాను. మా అమ్మ నన్ను చంకనేసుకునే తిప్పింది. అయినా చల్లపల్లి దారి నాకు బాగానే గుర్తుంది.”

“అన్నయ్యగారూ, మీరు వెళ్లి గుడ్లు పెట్టేది లేదుగా, ఊరుకోండి,” అన్నాడు తోడల్లుడు.

ఊరుకునేవాణ్ణే. కానీ అన్నీ ముందుకు పోతుంటే ఒక్కటి మాత్రం ఎవరిదో కాలిముద్ర గుంటలో పడి గింజుకుంటోంది. పైన కాకి తిరుగుతోంది. నేను తాడు దాటాను. దాన్ని చేతిరుమాల్లోకి తీసుకుని నీళ్లవైపు గబగబా నడిచాను. వెనక ఈల మోగింది.

“ఎక్కడ తీశారో అక్కడే పెట్టండి.” ఆ అమ్మాయి అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. కష్టపడి మోసుకెళ్లినదాన్ని వెనక్కి మోసి, గుంట పక్కన పెట్టాను. పాపం, ఆ పిల్ల మొదటి నుంచి మొదలెట్టింది.

“తాడు దాటితే అందరినీ పంపించేయాలి అంకుల్. రూలు.”

మా ఆవిడ సముద్రం వంకే చూస్తూ కొంగు చేతికి చుట్టుకుంది. తోడల్లుడు చేతులు జోడించి, “ఆయన్నొక్కణ్ణి పంపించండమ్మా. మేం ముగ్గురం బుద్ధిమంతులం,” అని బేరం కుదిర్చాడు.

నన్ను ఆఫీసు గదిలో కూర్చోబెట్టారు. దాని కిటికీ రోడ్డువైపు ఉంది. ఫిర్యాదుల పుస్తకం అడిగితే ఇచ్చారు. నేను రాయడం మొదలుపెట్టాను: ఆతిథ్యం, మానవత్వం, తాడు ఎత్తు. కాసేపటికి ఆ అమ్మాయి తలుపు దగ్గరికొచ్చింది. “మళ్లీ దాటనంటే రండి అంకుల్. ఆంటీ పిలుస్తున్నారు. మీ పిల్ల నీళ్ల దాకా వచ్చేసింది.”

“ఉండమ్మా,” అన్నాను, “పేరా పూర్తి కాలేదు.”

పేరా పూర్తయ్యేసరికి మా ఆవిడ వచ్చింది. చీర కుచ్చిళ్లు తడిసి ఉన్నాయి. “వెళ్లిపోయిందండీ. అల మూడుసార్లు వెనక్కి తోసింది. నాలుగోసారి తల పైకెత్తి, ఇటు తిరిగి చూసినట్టే చూసి, వెళ్లిపోయింది,” అంది. నేను కలం మూత పెట్టుకున్నాను.

ఇప్పుడు ఇంటికెవరొచ్చినా మా ఆవిడ ఆ కథ చెబుతుంది. అరచెయ్యి తాబేలు పిల్ల, దుప్పటి సముద్రం. మూడో అల దగ్గర నేనిప్పటికీ కుర్చీ అంచుకు జరుగుతాను. విన్నవాళ్లు నావైపు తిరిగి, “మీరూ చూశారన్నమాట, అదృష్టవంతులు,” అంటారు. ఆ గదిలో తలుపు తీసి ఉండగానే తల వంచుకుని అంత పట్టుదలగా రాస్తున్న ఆ మొండివాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. వాడు నా మాట వినేలా ఉంటే, ఇప్పటికైనా కలం లాక్కుని ఒడ్డుకు పంపిద్దును.