టైపు వదిన లాప్‌టాప్‌కి పరుగు నేర్పినవాళ్ళు

టైపు వదిన తన లాప్‌టాప్‌ని ఒక పగలంతా ఫ్రిజ్‌లో పెట్టిందని మా వీధిలో ఒక పుకారు ఉంది. వంకాయలకీ పాలగిన్నెకీ మధ్య, తువ్వాలు చుట్టి మరీ పెట్టిందట. వేడెక్కి మొరాయిస్తోందని ఎవరో అంటే, చల్లబడితే బుద్ధొస్తుందని అలా చేసిందట. చూసినవాళ్ళు ఎవరూ లేరు. చూసినవాళ్ళని చూశామన్నవాళ్ళు మాత్రం వీధికి సరిపడా ఉన్నారు. సాయంత్రం బయటికి తీస్తే అది తుమ్మిందని కూడా ఒకావిడ చెబుతుంది కానీ, ఆవిడ మాటల్లో సగం తీసేసి, మిగిలిన దాంట్లో మళ్ళీ సగం నమ్మితే ఆరోగ్యానికి మంచిది.

ఫ్రిజ్ సంగతి ఎలా ఉన్నా, ఆ లాప్‌టాప్ నత్తలకి పెద్దక్క అన్నది మాత్రం నిజం. పొద్దున దాని మీట నొక్కి, వదిన ఇల్లు ఊడ్చి, బట్టలు ఆరేసి, అత్తగారికి మాత్రలిచ్చి, జడ వేసుకుని వచ్చి కూర్చుంటే, అప్పుడు ఆవలించి కళ్ళు తెరిచేది. ఒక వాక్యం కొట్టి చేతులు కట్టుకుని కూర్చుంటే, అక్షరాలు కొత్త బళ్ళో చేరిన పిల్లల్లా ఒకదాని వెనక ఒకటి నక్కుతూ వచ్చేవి. ఈలోగా ఏం రాయబోయిందో వదిన మరిచిపోయేది.

ఆవిడ కొలువు మెట్ల కింద గది. అందులో ఒక బల్ల, ఒక స్టూలు, ఒక దీపం పడతాయి, మనిషి సర్దుకోవాలి. కప్పు ఏటవాలుగా ఉంటుంది. కాపురానికొచ్చిన కొత్తలో లేచినప్పుడల్లా తల కొట్టుకునేది. ఇప్పుడు ఆరుబయట కూడా వంగే లేస్తుందని వాళ్ళాయన నవ్వుతాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. మొదట మరిది ఒక్కడే టైపు వదినా అని పిలిచేవాడు, తర్వాత వీధి వీధంతా ఆవిడకి మరుదులైపోయారు. దరఖాస్తులు, కాలేజీ పిల్లల ప్రాజెక్టులు, అపార్ట్‌మెంటు వాళ్ళ తగువుల కాగితాలు, ఏది వస్తే అది కొట్టేది. ఒక వారం ఊపిరి తీసుకోనివ్వని పని, తర్వాత నెల్లాళ్ళు ఈగలు తోలుకోవడం.

అలాంటిది ఒకరోజు ప్రెస్సు మేనేజరు పిలిచి ఒక కాగితాల కట్ట చేతిలో పెట్టాడు. రిటైరైన పశువుల డాక్టరుగారు ఎద్దుల జబ్బుల మీద రాసిన పుస్తకం అది. ఆయన చేతిరాత ఎలా ఉందంటే, కాగితం మీద చీమలు గొడవపడి చచ్చినట్టుంది.

"వచ్చే సోమవారం పొద్దున నా బల్ల మీద ఉండాలమ్మా," అన్నాడు మేనేజరు. "ఉంటే ఇక ఏడాది పొడుగునా మా పుస్తకాలన్నీ నీవే. లేకపోతే ఇంకొకర్ని చూసుకుంటాను. ఏమనుకోకు."

పుట్టి బుద్ధెరిగాక వదినకి నికరమైన పని దొరికే దారి కనబడటం అదే మొదలు. ఆ కట్టని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఇంటికొచ్చింది.

ఇక్కడ ఆ ఇంటి సంగతొకటి చెప్పాలి. పోయిన మామగారు ఒక కట్టడి పెట్టి వెళ్ళారు. ఎవరైనా తాము చేసిన సాయం తామే నోటితో చెప్పుకుంటే, ఆ పూట ఇంటెడు గిన్నెలూ వాళ్ళే తోమాలి. ఆయన పోయినా కట్టడి పోలేదు. దాంతో ఆ ఇంట్లో సాయం దొంగతనంలా జరుగుతుంది. తెగిన చెప్పు తెల్లారేసరికి కుట్టి ఉంటుంది. కుట్టించిందెవరంటే అందరూ సీలింగు ఫ్యాను వంక చూస్తారు.

వదిన పని మొదలుపెట్టింది. విచిత్రం ఏమిటంటే, లాప్‌టాప్ రోజురోజుకీ ఇంకా నెమ్మదించింది. సోమవారం నడిచింది, మంగళవారం పాకింది, గురువారం ఎద్దు నాలుక జబ్బుల దగ్గరికొచ్చి పూర్తిగా కూలబడింది. వదిన దాన్ని బతిమాలింది, తిట్టింది, కాసేపు మాట్లాడటం మానేసింది. గుమ్మంలోంచి వాళ్ళాయన తొంగిచూసేసరికి కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

"ఏమైంది?" అన్నాడాయన.

"ఏం లేదండీ. నలక పడింది."

"రెండు కళ్ళల్లోనా?"

"పెద్ద నలక."

ఆయన అడిగి ఓదార్చే బాపతు కాదు. శుక్రవారం పొద్దున్నే వదిన లాప్‌టాప్‌ని చంకలో పెట్టుకుని బ్రష్షన్న దగ్గరికి బయల్దేరింది.

బ్రష్షన్న చొక్కా జేబులో ఎప్పుడూ ఒక పెయింటు బ్రష్షు ఉంటుంది, అందుకా పేరు. తాళాలవాడికీ మంగలి షాపుకీ మధ్య అతని కొట్టు బీరువా అంత వెడల్పు. చచ్చిన కంప్యూటరు తెరలు గోడలా పేర్చి ఉంటాయి. ఆ గోడ వెనక ఒక స్టూలేసి వదినని కూర్చోబెట్టాడు.

"చెల్లెమ్మా, దీన్ని ఎవరైనా తిట్టారా?"

"నేనే అన్నయ్యా. రోజూ."

"మరి అలగదూ."

వెనకరేకు విప్పాడు. లోపల ఉన్న దుమ్ముతో ఒక దిండు, మిగిలితే పిల్లలకి చిన్న దిండు కుట్టించుకోవచ్చు. గాలాడే చిల్లులన్నీ మూసుకుపోయి ఉన్నాయి. బ్రష్షుతో దులిపి, రేకు బిగించి, మీట నొక్కి, టీ తెప్పించుకుని తాగి, గ్లాసు వెనక్కి పంపించాక తెర వెలిగింది. కింద మూల మూడు చిన్న బొమ్మలు మెరుస్తున్నాయి. ఒక గుర్రం, ఒక పిడుగు, రెక్కలున్న ఒక తాబేలు.

"ఇవేంటి?" అన్నాడు.

"నాకేం తెలుసు. దాంతోపాటే వచ్చాయనుకున్నా."

"ఇవి స్పీడు పెంచుతామని చెప్పుకుని దూరే ప్రోగ్రాములు. ఒకటుంటేనే దండగ, నీ దగ్గర మూడున్నాయి. నువ్వు 'క' కొట్టావనుకో. గుర్రం ఆపి, ఎవరు నువ్వంటుంది. పిడుగొచ్చి గుర్రాన్ని, నువ్వెవరు అడగడానికంటుంది. తాబేలు ఇద్దర్నీ కూర్చోబెట్టి పంచాయితీ పెడుతుంది. ఈలోగా నీ 'క' గుమ్మంలో నిలబడి కాళ్ళు పీకుతున్నాయని ఏడుస్తుంది."

"ఎవరు పెట్టారు మరి?"

అంతలో బ్రష్షన్న ఫోను మోగింది. చేతుల నిండా దుమ్ము కావడంతో మోచేత్తో స్పీకరు నొక్కాడు.

"అన్నా, నేను లిఫ్టు మెకానిక్‌ని. మా ఆవిడ నీ దగ్గరకొచ్చిందా?"

బ్రష్షన్న వదిన వంక చూశాడు. వదిన పెదాల మీద వేలు పెట్టుకుంది.

"మిషన్ వచ్చింది," అన్నాడు జాగ్రత్తగా.

"అందులో గుర్రం బొమ్మ ఉంటుంది. దాన్ని కదపకు. తను ఇబ్బంది పడుతోందని నేనే పెట్టాను. తనకి మాత్రం చెప్పకు."

"సరే. ఏంటా గాలి చప్పుడు, ఎక్కడున్నావు?"

"లిఫ్టు నెత్తి మీద. ఇక్కడైతే సిగ్నల్ బాగుంటుంది."

ఫోను పెట్టేశాక ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునేలోగా బయట బండి ఆగింది. పార్సిళ్ళు పంచే ఉద్యోగం చేసే మరిది, హెల్మెట్టు తీయకుండానే తల లోపలికి పెట్టాడు. తెరల గోడ వెనక వదిన అరచెయ్యంత అయిపోయి కూర్చుంది.

"బాస్, మా వదిన లాప్‌టాప్ వచ్చిందటగా. అందులో పిడుగుంది చూడు, అది నాదే. తీసేయకు. అదుంది కాబట్టే ఈ మాత్రమైనా నడుస్తోంది."

"అలాగా. మీ వదినకి తెలుసా?"

"చెబితే గిన్నెలు తోమాలి. నువ్వూ చెప్పకు." అని బండెక్కి వెళ్ళిపోయాడు.

వదిన నోట్లో కొంగు కుక్కుకుంది. నవ్వు ఆగేలోపే ఈసారి ఆవిడ ఫోనే మోగింది. అత్తగారు.

"అమ్మాయ్, అతను ఏవేవో పీకేస్తాడేమో. ఆ తాబేలుని మాత్రం ఉండనీ."

"ఏ తాబేలు అత్తయ్యా?"

"ఏదో తాబేలు. నాకేం తెలుసు. ఊరికే అన్నాను."

"మీరు పెట్టారా?"

"నేనెందుకు పెడతానే. నువ్వు కూరగాయలకెళ్ళినప్పుడు కిటికీలాంటిదొకటి తెరుచుకుంది. కంప్యూటరు నెమ్మదిగా ఉంది, సాయం చేయమంటారా అని అడిగింది. అంత మర్యాదగా అడిగితే కాదంటే ఏం బాగుంటుంది. సరే అని నొక్కాను. నొక్కానని కాదు. నొక్కి ఉంటానేమో అంటున్నాను."

"సరే అత్తయ్యా," అంది వదిన. ఫోను ఒళ్ళో పెట్టుకుంది.

ఆరడుగుల మొగుడు డ్యూటీ దిగి వచ్చి, ఆ ఏటవాలు కప్పు కింద నాలుగు మడతలై కూర్చుని, గుర్రం కోసం వెతుక్కున్నాడన్నమాట. పొర కమ్మిన కళ్ళతో అత్తగారు ముక్కు తెరకి ఆనించి ఆ అక్షరాలు కూడబలుక్కుని చదివారన్నమాట. ఇన్నాళ్ళూ ఆ గదిలో ఒంటరిగా ఈదుతున్నానని ఆవిడ అనుకుంది. ఇంటిల్లిపాదీ ఒడ్డు నుంచి తాళ్ళు విసురుతూనే ఉన్నారు, కాకపోతే అవన్నీ కాళ్ళకి చుట్టుకున్నాయి.

"పీకేయనా?" అన్నాడు బ్రష్షన్న.

"పీకితే వాళ్ళ మనసు చిన్నబోతుంది అన్నయ్యా."

"ఉంచితే సోమవారానికి నీ ఎద్దులు ప్రెస్సుకి చేరవు."

వదిన తెర మీది బొమ్మల వంక చూసింది. "లోపలి సరుకు తీసేసి, బొమ్మలు మాత్రం ఉంచొచ్చా?"

బ్రష్షన్న బ్రష్షుతో బుగ్గ గోక్కున్నాడు. "అందరూ స్పీడు కావాలని వస్తారు చెల్లెమ్మా. ఇలాంటి బేరం ఇదే మొదలు. ఉంచుతాలే. నొక్కితే ఏమీ కాదు, ఊరికే మెరుస్తాయి."

మూడింటినీ మొదలంటా తీసేశాడు. మీట నొక్కగానే పిలవని పేరంటాళ్ళలా లేచి కూర్చునే ఇంకో నాలుగైదింటిని నిద్రపుచ్చాడు. మరిది దాచుకున్న సినిమాలతో డిస్కు మెడదాకా నిండిపోయి ఉంటే, వాటిని వేరే డబ్బాలోకి ఎత్తిపోశాడు. మళ్ళీ మీట నొక్కాడు. వదిన స్టూలు ముందుకి లాక్కునేలోగా తెర తెరుచుకుంది. ఆవిడ ఉలిక్కిపడి స్టూలుతో సహా వెనక్కి జరిగిందని బ్రష్షన్న ఈనాటికీ చెబుతాడు.

శని, ఆదివారాలు ఆ మెట్ల కింద గదిలో వాన పడ్డట్టు చప్పుడు. ఎద్దు నాలుక దాటింది, గిట్టలు దాటింది, తోక చివరికొచ్చేసింది. అత్తగారు మంచినీళ్ళ వంకతో వచ్చి తాబేలు మెరుస్తోందో లేదో చూసి వెళ్ళారు. మరిది చార్జరు వంకతో వచ్చాడు. వాళ్ళాయన ఏ వంకా దొరక్క, కప్పు గట్టిగా ఉందో లేదో తట్టి చూసి వెళ్ళాడు. ముగ్గురి మొహాల్లోనూ పందెం గెలిచిన కళ.

ఆదివారం అన్నాలప్పుడు మరిది ఉండబట్టలేకపోయాడు. "ఏంటి వదినా, మిషన్ తెగ పరిగెడుతోంది?"

"ఏం చెప్పను బాబూ, ఒకసారి పిడుగులా పడుతోంది, ఒకసారి గుర్రంలా దూకుతోంది."

అన్నదమ్ములిద్దరికీ ఒకేసారి పొలమారింది.

"మరి నెమ్మదస్తుల మాటేమిటి?" అన్నారు అత్తగారు పళ్ళెంలోకి చూస్తూ.

"ఇంత బరువు మోయగల దాని ఓపికంతా మీ చలవే అత్తయ్యా," అంది వదిన, అంతే మామూలుగా.

భోజనాలయ్యాక గిన్నెల దగ్గరికి ఎవర్నీ రానివ్వలేదు. అన్నీ తనే ముందేసుకుని తోమడం మొదలుపెట్టింది. వాళ్ళాయన గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

"ఏం సాయం చేసి చెప్పుకున్నావని ఈ శిక్ష?"

"చేయలేదండీ. పుచ్చుకున్నాను."

ఆయనకి అర్థమైందో లేదో గానీ, ఒక గుడ్డ తీసుకుని పక్కన నిలబడి తుడవడం మొదలుపెట్టాడు.

సోమవారం పొద్దున మేనేజరు కాగితాలు తిరగేసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ తిరగేశాడు. తర్వాత బల్ల కింద నుంచి ఇంకో కట్ట తీశాడు. "ఇది మేకల మీదమ్మా. అదే డాక్టరుగారు," అన్నాడు. వదిన దాన్ని కళ్ళకద్దుకుని తీసుకుంది. అప్పటినుంచి ఇప్పటిదాకా ఆ గదిలో పనికి కరువు లేదు.

ఇదంతా నిజమేనా అని కుళాయి దగ్గర ఎవరో అడిగితే, టైపు వదిన బిందె దించి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఎవరు పుట్టించారమ్మా ఇవన్నీ. మా లాప్‌టాప్ ఏనాడూ నెమ్మదిగా లేదు. మా ఇంట్లో దాన్ని నేను తప్ప ముట్టుకున్నవాళ్ళు లేరు. గుర్రమూ లేదు, పిడుగూ లేదు, తాబేలంటే మా అత్తగారికి భయం. బ్రష్షన్న అనే మనిషి మొహం కూడా నేనెరగను. ఇక డాక్టరుగారి చేతిరాత అంటారా, ముత్యాలు పేర్చినట్టుంటుంది."