మా తాతయ్య చేసిన సాగనంపే ప్రార్థన

నా చిన్నప్పుడు నర్సీపట్నంలో మా చర్చికి రెండు అలవాట్లు ఉండేవి. ఆదివారం ఆరాధనలో పాటలకీ ప్రసంగానికీ మధ్య ఎవరైనా లేచి తమ ప్రార్థన మనవి చెప్పుకోవచ్చు. జ్వరం తగ్గాలనో, కొడుకు పరీక్ష పాసవ్వాలనో, జీడితోటకి పురుగు పట్టకూడదనో చెబితే, అందరూ కళ్లు మూసుకుని దాని కోసం ప్రార్థించేవారు. రెండో అలవాటు సాగనంపే ప్రార్థన. దూరదేశం వెళ్లేవాళ్లని ముందుకు పిలిచి మోకాళ్ల మీద ఉండమనేవారు. సంఘ పెద్ద వాళ్ల తల మీద చెయ్యి వేసి ప్రార్థించేవారు. ఆ ప్రార్థనకి సంఘం ఆమేన్ అన్నాక ఇక ఆ మనిషిని ఎవరూ వెనక్కి పిలవకూడదు. శకునాలు నమ్మవద్దని ప్రతి వారం చెప్పే పాస్టరుగారు కూడా ఈ ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్తగానే ఉండేవారు. నేను ఆరో తరగతి చదువుతున్న ఏడాది, ఒక ఆదివారం ఈ రెండు అలవాట్లూ ఎదురెదురుగా వచ్చి నిలబడ్డాయి.

అది మా పక్కింటి అక్క గురించి. ఆమె మా చర్చి ఆసుపత్రిలో నర్సు. దొరసాని డాక్టరమ్మ తన దేశం వెళ్లిపోయాక ఆ ఆసుపత్రికి డాక్టరు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. కాన్పులు మాత్రం అక్క చేతి మీదుగా జరిగిపోయేవి. రోలుగుంట నుంచి, కోటవురట్ల నుంచి ఎడ్లబళ్ల మీద వచ్చేవాళ్లు ముందుగా అడిగేది డాక్టరు ఉన్నారా అని కాదు, ఆవిడ డ్యూటీలో ఉందా అని. నొప్పులు పడుతున్న మనిషి దగ్గరికి వెళ్లేముందు అక్క గుమ్మం బయటే ఆగి, రెండు అరచేతులూ గట్టిగా రుద్ది వేడి చేసుకునేది. చల్లటి చెయ్యి తగిలితే బెదిరిపోతారని.

నా తరవాత మా అమ్మకి పుట్టిన ఇద్దరు పిల్లలూ దక్కలేదు. రెండోసారి అమ్మ కూడా దక్కదనుకున్నారు. అక్కే దక్కించింది. ఇప్పుడు అమ్మ మళ్లీ కడుపుతో ఉంది. ఆ చేతులు దగ్గరుంటే చాలని ఇంటిల్లిపాదీ ధైర్యంగా ఉన్న రోజుల్లో, అక్కకి కువైట్‌లో ఉద్యోగం వచ్చిందని తెలిసింది.

నా బడిచదువు పదో తరగతితో ఆగిపోయింది. మిగతాదంతా మా ఊరి శాఖా గ్రంథాలయం నేర్పిందే. ఆ మాట చెప్పుకోవడం నాకు గర్వం. ఆ చిన్న వయసులోనే బడి వదలగానే అక్కడికి పరిగెత్తేదాన్ని. అట్లాసు తీసి కువైట్ వెతికితే, నా చిటికెన వేలి గోటి కింద కనబడకుండా పోయింది. అంత చిన్న దేశానికి మా అక్క ఎందుకండీ అని లైబ్రేరియన్‌గారిని అడిగాను. ఆయన పాత ఆదివారం పేపరు ఒకటి వెతికి ఇచ్చారు. అందులో మేధావుల వలస అని పెద్ద వ్యాసం ఉంది. పేద దేశాలు కడుపు కట్టుకుని డాక్టర్లనీ ఇంజనీర్లనీ నర్సుల్నీ తయారుచేస్తే, తీరా చేతికొచ్చాక డబ్బున్న దేశాలు పట్టుకుపోతున్నాయని దాని సారాంశం. ఆ వ్యాసమంతా గుర్తు పెట్టుకుని ఇంటికొచ్చి మా తాతయ్యకి ఒప్పజెప్పాను.

తాతయ్య మిషన్ బడిలో పంతులుగా చేసి రిటైరయ్యారు. మా సంఘానికి పెద్ద ఆయనే. నేను చెప్పిందంతా విని, ఇది రాసినాయన ఎక్కడుంటారు అని అడిగారు. హైదరాబాదు అన్నాను. ఆయన పుట్టిన ఊరు కూడా అదేనా అన్నారు. అది పేపర్లో లేదు. తాతయ్య మీసాల్లో నవ్వుకుని, కండువా దులుపుకుని లేచి వెళ్లిపోయారు.

అక్క దగ్గర కూడా నా జ్ఞానం చూపించాను. "మేధావినా? నానా? ఓపాలి మా అమ్మతో సెప్పు, నవ్వి నవ్వి సస్తాది," అంది. అక్కడ జీతం ఎక్కువని దాచలేదు. ఆ జీతం తనకి కావాలని కూడా అంది. అయితే అదొక్కటే కాదట. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని అక్కడి ఆసుపత్రుల్లో గాజుపెట్టెల్లో వెచ్చగా ఉంచి బతికిస్తారట. ఆ పని నేర్చుకోవాలట. ఇక్కడైతే దూదిలో చుట్టి, చుట్టూ వేడినీళ్ల సీసాలు పెట్టి, ఎదురుచూస్తూ కూర్చోవడమే.

"నా సేతుల్లోనే సల్లబడిపోయినోళ్లు ఎంతమందో నీకేటి తెలుసే," అంది. "ఊళ్లో అందరూ బతికినోళ్లనే గుర్తెట్టుకుంటారు."

అక్క వెళ్లిపోతుందన్న సంగతి పాకేసరికి జనం ఆమెను కోప్పడలేదు. కోప్పడి ఉంటే బహుశా ఆమెకి తేలికయ్యేది. కూరలు పంపారు, పనసతొనలు పంపారు, పిల్లల్ని తీసుకొచ్చి ఒళ్లో కూర్చోబెట్టి వెళ్లారు. గుమ్మంలో పెట్టిన ప్రతి గిన్నే ఆమె కాలికి ఒక చుట్టు చుట్టినట్టే ఉండేది. మా మామ్మ ఇంకో అడుగు ముందుకేసింది. ఆదివారం మనవుల సమయంలో తాతయ్య లేవాలి, కోడలి కాన్పు అయ్యేదాకా అయినా అక్కను ఆపమని సంఘం ముందు దేవుణ్ణి అడగాలి. సంఘ పెద్ద మాటని అక్క కాదనడానికి వీల్లేదు. మామ్మ రోజూ పోరితే, చివరికి తాతయ్య సరే లేస్తానన్నారు. అమ్మ మంచం మీద నుంచి అన్నీ వింటూ ఉండేది.

ఆ ఆదివారం చర్చిలో చోటు లేదు. మగవాళ్లు కుడిపక్క బల్లల మీద, ఆడవాళ్లం ఎడమపక్క చాపల మీద. నేను అక్కని ఆనుకుని కూర్చున్నాను. మనవుల సమయం రాగానే ఆసుపత్రి ఆయా లేచి, మా కుడిచెయ్యి తీసెయ్యకు ప్రభువా అని ఏడ్చింది. తరవాత చంకలో బిడ్డతో ఒకావిడ లేచింది. ఆవిడ కూర్చోగానే ఇంకొకావిడ. అందరి మనవీ ఒకటే, ఈమె కాళ్లు ఈ ఊళ్లోనే నిలపమని. ఒక్కో మనవికీ అందరం కళ్లు మూసుకోవాలి, చివర ఆమేన్ అనాలి. అక్క కూడా అనాలి. తన కాళ్లు కట్టెయ్యమని ఎవరో అడుగుతుంటే తనే ఆమేన్ అంటూ కూర్చుంది. ప్రార్థనకి ఎదురు మాట్లాడటం మాలో లేదు. మధ్యలో లేచిపోవడం అసలే లేదు.

తలుపు దగ్గర రోలుగుంట వైపు రైతుల ఇంటి మనిషి ఒకామె నిలబడి ఉంది. మా చర్చి మనిషి కాదు. నుదుట పెద్ద బొట్టు, భుజం మీద నిద్రపోతున్న పిల్లాడు. ఎవరికి దండం పెట్టాలో తెలియక గోడ మీది సిలువకీ, పాస్టరుగారికీ, అక్కకీ వరసగా పెట్టింది. "మాకు దేవుళ్లు ఏరు బాబూ. నర్సమ్మ మాత్రం ఈవిడొకర్తే. మీ దేవుడితో కాస్త గట్టిగా సెప్పండి," అంది. బల్లల మీద కొందరు నవ్వారు. అక్క ఆ పిల్లాణ్ణి చూసి తల దించేసుకుంది.

ఆవిడ కోసం అందరూ కళ్లు మూసుకున్నప్పుడు అక్క నా చెవి దగ్గరికి వంగింది.

"ఒలే, బేగి కళ్లు తెరిసి సూడు. తలుపు తీసుందా?"

తీసే ఉందని చెప్పాను. బయట ఎండలో అందరి చెప్పులూ కనిపిస్తున్నాయి.

"తీసున్నా ఎళ్లలేకపోతన్నాను, సూడు," అంది. మళ్లీ, "దొరసానమ్మ ఎళ్తానన్నప్పుడు దండలేసి పంపేరు. ఆపమని దేవుణ్ణి ఒక్కరైనా అడిగేరా?" అంది. అని నా చెయ్యి పట్టుకుంది. ఎప్పుడూ వెచ్చగా ఉండే ఆ అరచెయ్యి ఆ రోజు చల్లగా ఉంది.

ఆఖరున తాతయ్య లేచారు. మామ్మ ముసుగు సర్దుకుని నిటారుగా కూర్చుంది. తాతయ్య ఏ మనవీ చెప్పలేదు. అక్కని ముందుకు రమ్మన్నారు. సంఘం ఎదుట ఆమె చేత ఉండిపోతానని ఒప్పిస్తారనే అందరూ అనుకున్నారు. అక్క కూడా అదే అనుకుని ఉంటుంది, నడిచిన తీరు అలాగే ఉంది. మోకరించింది. తాతయ్య ఆమె తల మీద చెయ్యి వేసి, ప్రార్థన చేద్దాం అన్నారు. చర్చి మొత్తం కళ్లు మూసుకుంది.

"తండ్రీ, ఈ బిడ్డ పని నేర్సుకోడానికి దూరం ఎళ్తోంది. దారిలోనూ అక్కడా తోడుండు. మేం కట్టిన తాళ్లు మేమే ఇప్పుతున్నాం. మా బెంగ ఈ బిడ్డ కాళ్లకి అడ్డం పడకుండా సూడు."

అది సాగనంపే ప్రార్థన అని అర్థమయ్యేసరికే సగం అయిపోయింది. ఎవరూ ఏమీ చెయ్యలేకపోయారు. ఏ అలవాటు అక్కని చాప మీద నుంచి లేవనివ్వలేదో, అదే అలవాటు ఇప్పుడు మిగతావాళ్లందరినీ కూర్చోబెట్టేసింది. తాతయ్య ఆపగానే పుట్టినప్పటి నుంచీ అన్నట్టే అందరి నోళ్లూ ఒక్కసారి ఆమేన్ అన్నాయి. మామ్మ నోరు కూడా. అన్నాక ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇక ఆమెను వెనక్కి పిలవడానికి లేదు.

నేను ఇంటికి పరిగెత్తి అమ్మకి అంతా చెప్పాను. మా తాతయ్య అంత తెలివైనవారు ఇంకెవరూ లేరనిపించింది నాకు. అమ్మ మంచం మీద కూర్చుని మునగాకు దూస్తోంది. అంతా విని ఒకటే అడిగింది.

"తాతయ్య ప్రార్థనలో నా పేరుందా?"

గుర్తు తెచ్చుకుని చూశాను. లేదని చెప్పాను. అమ్మ చేతులు ఆగలేదు, ఆకు దూస్తూనే ఉంది.

అక్క తుని వెళ్లి రైలెక్కే రోజు పొద్దున్నే మా ఇంటికి వచ్చింది. అరచేతులు రుద్దుకుని అమ్మ కడుపు మీద వేసి చూసింది. నెల ముందే విశాఖ వెళ్లిపోయి పెద్దాసుపత్రికి దగ్గర్లో ఉండమని మరీమరీ చెప్పింది. ఒప్పుకున్నాం. అక్కడ చుట్టాలింట్లో ఒక గది కూడా మాట్లాడుకున్నాం. బిడ్డ మాత్రం అంతదాకా ఆగలేదు. మేం ఇంకా బట్టలు సర్దుకోకముందే అమ్మకి నొప్పులు వచ్చేశాయి.

ఆడపిల్ల. తాతయ్య రెండు అరచేతుల్లో సరిపోయింది. ఆసుపత్రిలో కొత్తగా చేరిన నర్సు, అక్క నేర్పినట్టే దూదిలో చుట్టి సీసాలు పెట్టింది. ఆ సీసాలు చల్లారకుండా తాతయ్య పొయ్యికీ మంచానికీ మధ్య తిరుగుతూనే ఉన్నారు. కెటిల్ పట్టుకుని చేతులు కాల్చుకున్నారు. మర్నాడు మధ్యాహ్నానికి మా చెల్లి చల్లబడిపోయింది.

అక్క ఉంటే దక్కేదన్నారు కొందరు. ఆవిడ ఉన్నా అవే సీసాలు కదా అన్నారు ఇంకొందరు. ఏది నిజమో ఎవరికీ తెలియదు. తాతయ్య ఎవరితోనూ వాదించలేదు. కాలిన చేతులకి గుడ్డ చుట్టుకుని వచ్చి అమ్మ మంచం పక్కన కింద కూర్చున్నారు. మామగారు కోడలి ముందు అలా నేల మీద కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి.

"నీ పేరు సెప్పాల్సిందమ్మా," అన్నారు. "సెప్తే ఆ ప్రార్థన నా నోట్లోంచి రాదేమోనని బయమేసింది."

అమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఇటు తిరగకుండానే అంది.

"సెప్పి సెయ్యాల్సింది, మావయ్యగారూ."

ఆ తరవాత వాళ్లిద్దరూ ఆ మాట ఎత్తగా నేను వినలేదు. అమ్మ ఆరోగ్యం మళ్లీ కుదుటపడలేదు. పదో తరగతి పాసయ్యాక నర్సు ట్రైనింగుకి వెళ్లాలని నాకూ ఉండేది. నన్ను ఆపమని చర్చిలో ఎవరూ ప్రార్థించలేదు. ఆ అవసరం లేకపోయింది. అమ్మకి మందులిస్తూ, వంట చేస్తూ, మధ్యాహ్నాలు గ్రంథాలయానికి నడుస్తూ ఈ ఊళ్లోనే ఉండిపోయాను.

అక్క సెలవు మీద వచ్చినప్పుడు నేరుగా మా ఇంటికే వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. అమ్మ లోపలికి రమ్మని మంచినీళ్లిచ్చి, ఆ గాజుపెట్టెల గురించి చెప్పమంది. ఎంత పెద్దవి, లోపల వేడి ఎలా వస్తుంది, పాలెలా పడతారు, తల్లి చెయ్యి పెట్టడానికి కన్నం ఉంటుందా, అన్నీ అడిగింది. అక్క చెబుతూ చెబుతూ ఏడ్చింది. అమ్మ ఏడవలేదు. అక్క లేచి వెళ్లేటప్పుడు, మళ్లీ ఎళ్లు, బాగా నేర్సుకో అంది.

తరవాతి రోజుల్లో ఈ వలసల గురించి గ్రంథాలయంలో దొరికినవన్నీ చదివాను. వెళ్లడం ద్రోహమని రాసినవాళ్లున్నారు, వెళ్లడం మనిషి హక్కని రాసినవాళ్లున్నారు. ఇద్దరూ బాగానే రాశారు. ఎవరిది చదివినా నాకు మాత్రం, నా పేరుందా అని మా అమ్మ అడిగిన ప్రశ్నే వినబడేది.

ఇప్పుడు మా సంఘ పెద్దని నేనే. నర్సులు, కంప్యూటరు చదివినవాళ్లు, డాక్టర్లు సాగనంపే ప్రార్థన కోసం నా ముందు మోకరిస్తారు. నేను ఎవరినీ ఆపను. అయితే తల మీద చెయ్యి వేసేముందు వంగి, వెనక ఉండిపోయేవాళ్లెవరని చెవిలో అడుగుతాను. మంచం పట్టిన తల్లో, చంటిబిడ్డో, వాళ్ల చెయ్యి కోసం ఎదురుచూసే రోగులో, వాళ్లు చెప్పిన పేర్లన్నీ ప్రార్థనలో పైకి చెబుతాను. ఒక్కోసారి ఒక పేరు దగ్గర ఆగి, మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తుంది. అయినా చెప్పి, చివర మా అమ్మ పేరు కూడా కలిపి, వెళ్లిరమ్మని చేస్తాను.

అందరూ కళ్లు మూసుకున్నా నేను మాత్రం ఒక కన్ను తెరిచి ఉంచుతాను, తలుపు తీసి ఉందో లేదో చూడటానికి.