అందరూ బుజ్జిలే

"పెద్ద నర్సమ్మ కోటు మీద కూడా బుజ్జే! ఆవిడకి మనవలున్నారయ్యా!"

కుట్టు కొట్టు అక్క తెల్లకోటు తెచ్చి గడియారాల మెకానిక్ ముఖం ముందు ఆడించింది. అతనిది పక్క కొట్టే. కంప్యూటరు సంగతులు పుస్తకాలు తిరగేసి సొంతంగా నేర్చుకున్నవాడు. అక్క కోపం కూడా అతనికి వినసొంపే. భూతద్దం పక్కన పెట్టి లేచాడు.

ఆసుపత్రి కోట్ల జేబుల మీద పేర్లు కుట్టడం అక్కకు దొరికిన మొదటి పెద్ద పని. సాయంత్రానికి అందకపోతే వేరే కొట్టు చూసుకుంటామన్నారు. పేర్లను మిషనుకు అందించే ప్రోగ్రాం రాసింది ఆమె మరిది. దానికి తన కూతురి ముద్దుపేరే పెట్టుకున్నాడు. తెర మీద 'బుజ్జి' అని కొట్టి, పక్కనే నర్సు పేరు కొడితే చాలన్నాడు. అక్క కొడుతూ పోయింది. మిషను దగ్గర కోట్లు మార్చిన భర్త కళ్ళజోడు ఇంట్లో మరిచాడు.

"మీ బావగారు అదేదో పువ్వనుకున్నారట!"

మెకానిక్ ప్రోగ్రాం తెరిచి చూశాడు. "అక్కా, మనం కొట్టిన వరసను ఇది మాటలుగా విడగొట్టి గళ్ళలో పెట్టుకుంటుంది. సున్నా గడిలో ఉండేది ప్రోగ్రాం పేరే, అంటే బుజ్జి. మనం చెప్పింది ఒకటో గడి నుంచి మొదలు. మీ మరిది సున్నా గడి తీశాడు."

"అంటే, 'ఏమండీ, ఉప్పు తెండి' అంటే ఉప్పు మానేసి 'ఏమండీ'ని తెచ్చినట్టా?"

"అచ్చం అలాగే."

అక్క మరిదికి ఫోను కలిపింది. "ఏమయ్యా, ఇచ్చేముందు ఒక్కసారైనా చూసుకోలేదా?"

"ఎందుకు చూడలేదు వదినా! పేరు శుభ్రంగా వచ్చింది."

"ఎవరి పేరు కొట్టావు?"

"మన బుజ్జి పేరే..."

అక్క ఫోను బల్ల మీద బోర్లా పడేసి తల పట్టుకుంది.

మెకానిక్ సున్నాను ఒకటి చేశాడు. గుడ్డముక్క మీద పెద్ద నర్సమ్మ పేరు సరిగ్గా పడింది. మరి ఇప్పటికే కుట్టేసిన కోట్ల సంగతి? దారం విప్పబోతే బట్టకు చిల్లులు పడుతున్నాయి. అక్క విసుక్కుంటూనే ఆ గుడ్డముక్కను పట్టీలా కత్తిరించి, బుజ్జిని కప్పేసి, అంచులు కుట్టింది. దగ్గరగా చూస్తే తప్ప తెలియడం లేదు.

"ఆవిడ దగ్గరగానే చూస్తుంది," అని గొణిగి, కోటు మడిచి అతని చేతిలో పెట్టింది. "నేనెళ్తే నోరు జారతాను. నువ్వైతే ఎదుటివాళ్ళ మాట వింటావు. ఇలా పట్టీ వేస్తే తీసుకుంటారా అని అడిగిరా. ముందు తిట్టనివ్వు, అడ్డుపడకు. వెళ్ళు నాయనా, ఆవిడ డ్యూటీ దిగేలోపు!"