మొక్కని కాళ్లు

గద్వాలలోని మా ఇంట్లో మగ్గానికి వెలుతురు వచ్చేది ఒక్క కిటికీ నుంచే. పక్కింటి మల్లేశం దానికి అడ్డంగా గోడ లేపడంతో నిరుడు కోర్టుకెక్కాను. మా వకీలు ఇంగ్లీషులో తెచ్చిన అఫిడవిట్ మీద ఆయన్ను నమ్మి సంతకం పెట్టాను.

విచారణ రోజు ఎదుటి వకీలు దాన్ని తెలుగులో వినిపించాడు: "నేను దిక్కులేనిదాన్ని. ఏడుస్తూ మల్లేశం కాళ్లు మొక్కాను."

హాల్లో అంతా నవ్వారు.

"ఎప్పుడు మొక్కినవ్ వదినా? నాకు తెల్వకపాయె!" అన్నాడు మల్లేశం.

నాకు ఒళ్లు మండింది. "నేను మొక్కలే సార్! గల్లీల నిలబడి తిట్టిన!" అన్నాను.

"ఊకో అమ్మా, కేసు పోతది," అని మా వకీలు గొణిగాడు.

"పోతే పోనీ. నేను జెప్పని ముచ్చట ఎవరు రాసిండ్రు?"

జడ్జిగారూ అదే అడిగారు. ఫోన్‌లో ఏఐతో రాయించానని మా వకీలు తల దించుకుని ఒప్పుకున్నాడు. జడ్జిగారు ఆయన్ను మందలించి, నా మాటల్లోనే మళ్లీ రాసి తెమ్మన్నారు.

కొత్త అఫిడవిట్‌లో నా తిట్లు కూడా ఉన్నాయి. కేసు ఇంకా నడుస్తోంది. ఆ రోజు నవ్విన ముఖాలన్నీ నాకు గుర్తే. గోడ కూలినా కూలకపోయినా సరే, నేను పెట్టని దండాన్ని మాత్రం నా పేరు మీద ఉండనివ్వను.