రెండు మెదళ్ల మిషన్

ఆ మిషన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ముందే చెప్పేస్తున్నాను, ఇందులో ఎవరూ చనిపోరు. చివర్లో కనిపించే పెద్దాయనకు ఆపరేషన్ బాగానే జరిగింది, తర్వాత చాలా ఏళ్లు పొలం చూసుకుంటూ బతికారు. నా కోపం అందుకు కాదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను తిరుపతిలో ఒక వీడియో స్టూడియోలో మిక్సింగ్ చేసేదాన్ని. కెమెరావాళ్లు తెచ్చిన పెళ్లి క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించి, పనికిరానివి కత్తిరించి, పాటలు కలిపి సీడీ చేయడం నా పని. తాళి కట్టేటప్పుడు తెర నాలుగు మూలల నుంచీ గులాబీలు రాలాలి. పెళ్లికొడుకు పేరు తామరపువ్వులోంచి తిరుగుతూ పైకి రావాలి. నాకు ఆ పువ్వులంటే పిచ్చి, దాచుకోను. కానీ మనం పువ్వులు పెట్టినంత మాత్రాన అయిపోదు. కంప్యూటర్ ఒక్కో బొమ్మనూ మళ్లీ గీసుకుంటూ పోవాలి, సెకనుకు పాతిక బొమ్మలు. ఆ భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. మామూలు కంప్యూటర్ మీద గంట సినిమాకు ఎనిమిది గంటలు పట్టేది. పొద్దున పెడితే స్టూడియో మూసేలోపు అయ్యేది.

నాకున్నది మామూలు డెస్క్‌టాప్. ఒకటే ప్రాసెసర్, కానీ కొత్తది. ఒకరోజు మా ఓనర్ చెన్నై నుంచి వ్యాన్‌లో ఒక ఇనుప పెట్టె దించాడు. ఇద్దరు పట్టుకుంటే గానీ మెట్లెక్కలేదు. అది ఏదో బ్యాంకువాళ్లు ఏళ్ల తరబడి వాడి పక్కన పెట్టిన సర్వర్.

"దీంట్లో రెండు ప్రాసెసర్లు ఉండాయి పాపా. రెండు మెదళ్లు! దీని ముందర నీ మిషనెంత?"

"ఒక్కోటీ ఎంత స్పీడన్నా?"

"ఏడు వందల మెగాహెర్ట్జ్."

"నాది ఒకటే రెండు వేల పైన. ఇవి రెండూ కలిపినా పద్నాలుగు వందలే గదా."

"బ్యాంకులో వాడినారు దీన్ని. బ్యాంకోళ్లు తెలివి లేనోళ్లా?"

బ్యాంకువాళ్లు తెలివైనవాళ్లే. అబద్ధం ఎందుకు చెప్పాలి, అది మంచి మిషనే. నెలల తరబడి ఆపకుండా నడుస్తుంది. కరెంటు డబ్బా ఒకటి పోతే ఇంకోటి అందుకుంటుంది, మెమరీలో తప్పొస్తే తనే దిద్దుకుంటుంది. కానీ అది పుట్టింది వందమంది ఒకేసారి అడిగే చిన్న చిన్న పనులు చేయడానికి. నాది ఒక్క మనిషి, ఒక్క పెద్ద పని. పైగా నా మిక్సింగ్ సాఫ్ట్‌వేర్‌కు రెండో ప్రాసెసర్ ఉందన్న సంగతే తెలియదు. ఒకటి చెమటోడుస్తుంటే ఇంకోటి ఊరికే కూర్చునేది. పెళ్లి గుండిగలో ఒక్క గ్లాసు టీ కాచినట్టు ఉండేది వ్యవహారం.

నోటితో చెబితే వినడని పరీక్ష పెట్టాను. మూడు నిమిషాల తలంబ్రాల ముక్క, అవే పువ్వులు, అదే పాట, రెండు మిషన్లలోనూ ఒకేసారి నొక్కాను. నా డెస్క్‌టాప్ ఇరవై నాలుగు నిమిషాల్లో ముగించింది. సర్వర్‌కు గంటా పద్దెనిమిది నిమిషాలు పట్టింది. ఆయన గోడ గడియారం వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు.

"మనకు కొత్త గదా. బండి మాదిరి కొన్నాళ్లు నడిస్తే గానీ స్పీడు రాదులే" అన్నాడు.

నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. ఆ వారమే ఆయన చిత్తూరులో బ్రాంచి తెరిచాడు. నా డెస్క్‌టాప్‌ను ఆల్బం పనికని అక్కడికి పంపేశాడు. నాకు ఆ ఇనుప పెట్టె మిగిలింది. ఆరేళ్లు ఈ పని చేసిన నా మాట కంటే చెన్నైలో పాత సామాన్లు అమ్మేవాడి మాట ఆయనకు ఎక్కువైంది. నా కుర్చీలో ఒక మగవాడు కూర్చుని ఇదే మాట చెప్పి ఉంటే, వినేవాడు కూడా.

అప్పుడొచ్చింది ఆ అమ్మాయి. ఒక సోమవారం మధ్యాహ్నం, మెడలో పసుపుతాడు ఇంకా పచ్చిగానే ఉంది. ముందురోజు వడమాలపేటలో పెళ్లి, మా కెమెరామనే తీశాడు. పెళ్లికి మూడు రోజుల ముందు వాళ్ల నాన్నకు గుండెనొప్పి వచ్చి తిరుపతి ఆసుపత్రిలో చేర్చారు. పెళ్లి ఆపడానికి వీల్లేదని ఆయనే మంచం మీద నుంచి పట్టుబట్టాడట.

"బుధవారం పొద్దున్నే నాయన్ని ఆపరేషన్‌కు తీసకపోతారక్కా. ఆ లోపల పెండ్లి సూపించల్ల. రూములో టీవీ ఉండాది, సీడీ ప్లేయర్ మా అత్తగారోళ్లు తెస్తారు. నువ్వు సీడీ ఇస్తే సాలు."

నేను నోరు తెరిచేలోపు మా ఓనర్ అందుకున్నాడు. "ఏం బయపడొద్దమ్మా. మా కాడ ఇప్పుడు బ్యాంకులో వాడే మిషన్ ఉండాది. మంగళవారం సాయంత్రానికే వస్తాది పో."

అప్పుడే చెప్పాల్సింది, కాదమ్మా, రాదు అని. చెప్పలేదు. ఆమె వెళ్లాక మాత్రం ఆయన మీద పడ్డాను. పువ్వులు వద్దు, ఉన్నదున్నట్టు కత్తిరించి ఇచ్చేద్దాం అన్నాను. అట్లా ఇస్తే స్టూడియో పేరు పోతుందన్నాడు. అయితే చిత్తూరు బస్సెక్కి నా డెస్క్‌టాప్ మీద చేసుకొస్తానన్నాను. "రెండు మెదళ్లు పెట్టుకొని ఒకదాని కోసం చిత్తూరు పోతావా?" అన్నాడు.

సరే, చూద్దాం అనుకున్నాను. ఆ రెండు మాటలకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

ఆ సాయంత్రమూ మర్నాడు పొద్దునా కూర్చుని పెళ్లంతా కత్తిరించాను. పెళ్లికూతురు ముహూర్తం జరుగుతుండగా మాటిమాటికీ మంటపం గుమ్మం వైపు తల తిప్పింది. అవన్నీ తీసేశాను. కన్యాదానం నాన్న బదులు చిన్నాన్న చేశాడు, ఆయన కండువాతో కళ్లు ఒత్తుకున్న చోటూ తీసేశాను. ఏడుపు పెళ్లి సీడీకి బాగుండదు కదా! వాటి బదులు పువ్వులు రాల్చాను. మంగళవారం పన్నెండు గంటలకు మిషన్‌కు పని అప్పగించాను. లెక్క నాకు తెలుసు, గంట సినిమాకు ఇరవై ఆరు గంటలు. అయ్యేది బుధవారం మధ్యాహ్నం రెండు గంటలకు.

సాయంత్రం తాళం వేసేటప్పుడు తెర మీద ఇరవై మూడు శాతం అని ఉంది. నాకు బాధ కలగలేదు, సంతోషం కలిగింది. రేపు ఆ అమ్మాయి వచ్చి అడుగుతుంది, ఈయన ముఖం ఎక్కడ పెట్టుకుంటాడో చూస్తాను అనుకుంటూ ఇంటికి నడిచాను. నిజంగా ఇదే అనుకున్నాను.

బుధవారం పొద్దున ఏడు గంటలకు డెబ్బై మూడు శాతం. ఓనర్ నాకంటే ముందే వచ్చి దాని ముందు నిలబడి ఉన్నాడు.

"ఇదేంది పాపా, ఇంకా తిరగతానే ఉండాది?"

నోటికొచ్చినట్టు తిట్టాను. మెదళ్లు మిషన్‌లో రెండుంటే సరిపోదు, కొనేవాడికి ఒకటైనా ఉండాలి అన్నాను. ఆయనా అరిచాడు. కింద టీ కొట్టు వాళ్లు పైకి వచ్చి చూశారు. ఈ గోల మధ్యలో ఆ అమ్మాయి మెట్ల మీద నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు.

"ఎనిమిదిన్నరకు తీసకపోతారంటక్కా. అయ్యిందా?" అంది.

ఆమె నన్ను తిట్టలేదు. నా బల్ల మీద ఉన్న చిన్న కెమెరా వైపు చూసింది. సోమవారం నుంచీ అది అక్కడే ఉంది, మిషన్‌కు వైరుతో తగిలించి, లోపల ఆ పెళ్లి క్యాసెట్‌తో సహా.

"పెండ్లి దీంట్లోనే గదా తీసిండేది? దీంట్లో కనపడదా?" అంది.

కెమెరాకు పక్కన తలుపులా తెరుచుకునే తెర ఉంటుంది, అరచేయంత. ఆరేళ్లుగా రోజూ దాంట్లోనే చూసి క్యాసెట్లు ఎక్కిస్తున్నాను. వైరు పీకి, కెమెరా తీసుకుని, ఆమె చేయి పట్టుకుని మెట్లు దిగాను. ఆటోలోనే క్యాసెట్‌ను మొదటికి తిప్పాను.

పావు తక్కువ ఎనిమిదికి ఆసుపత్రి చేరాం. ఛాతీ మీద వెంట్రుకలు గొరిగి, తెల్లగుడ్డ కప్పి, ఆయన్ని సిద్ధంగా ఉంచారు. నేను తెర తెరిచి చేతికిచ్చాను. రెండు చేతులతో పట్టుకుని ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు. గులాబీలు లేవు, తామరపువ్వు లేదు. నాదస్వరం దోమ పాడినట్టు వినిపిస్తోంది. ఎవరివో కాళ్లు, పడిన కుర్చీ, మంటపంలో జనం. తమ్ముడు కండువాతో కళ్లు ఒత్తుకుంటే ఈయన "పిచ్చోడు" అన్నాడు. కూతురు గుమ్మం వైపు తల తిప్పింది. మళ్లీ తిప్పింది.

"యాడ సూస్తా ఉండాది ఇది?" అన్నాడు.

"నువ్వొస్తావేమోనని నాయనా" అంది ఆ అమ్మాయి.

ఆయన కెమెరాను ఇంకొంచెం దగ్గరికి జరుపుకున్నాడు. తాళి కట్టేదాకా చూశాడు. అప్పటికి స్ట్రెచర్ తలుపు దగ్గరికి వచ్చింది. కెమెరా నా చేతికి ఇస్తూ, మామూలుగానే, తెలియక అడిగినట్టే అడిగాడు.

"ఇది రెండు దినాలుగా మీ కాడనే ఉండిందా తల్లీ?"

"ఉండింది పెదనాయనా" అన్నాను.

ఆయన తలూపాడు, అంతే. అరిచి ఉంటే నేనూ ఏదో ఒకటి అరిచేదాన్ని.