చింతగింజతో గెలిచిన సింహాసనం

మా చిన్నప్పుడు లండన్ కర్నూలులో ఉండేది... యార్క్ నంద్యాలలో. స్కాట్లండ్ కొండలన్నీ మాకు నల్లమలే. నవ్వకండి, చెప్తా.

మాది కోయిలకుంట్ల. మా చిన్నాన్న హైదరాబాదులో చదువు ముగించుకొని వస్తూ పాత పుస్తకాల అంగట్లో కొన్న ఒక ఆట పెట్టె తెచ్చాడు. అట్ట మీద ఇంగ్లండు పటం, చిన్న చిన్న కోటలు, గడ్డాల దొరల బొమ్మలు... ఎన్నో వందల ఏళ్ల కిందట అక్కడి దొరలు సింహాసనం కోసం కొట్టుకున్న కథే ఆ ఆట. దొరలను ఒక్కొక్కరినే మన వైపు తిప్పుకోవాలి, కోటలు పట్టాలి. చివర్లో సభ కూడితే అందరూ ఓటేసి ఒకరిని రాజును చేయాలి. ఆ ఊర్ల పేర్లు మాకు నోరు తిరగక, అన్నిటికీ మన పేర్లే పెట్టేసుకున్నాం. ఆట మాత్రం ఒక్క పూటలో వచ్చేసింది. సీమ పిల్లలకు వర్గాలు, రాజీలు ఇంకొకరు నేర్పాలా...

ఎండాకాలం సెలవులు. పడసాలలో కడప బండల మీద నీళ్లు చల్లి, అవి ఆరి చల్లబడగానే అట్ట పరిచేవాళ్లం. ఆడేది నలుగురం. కల్లూరు నుంచి సెలవులకు వచ్చే మా పెదనాన్న కొడుకు చంద్రన్న, మా అత్త కూతురు సుజాత, పక్కింటి ఖాజా, నేను.

గెలిచేది ఎప్పుడూ చంద్రన్నే. ఓటంటే మాకు తెలిసింది చెయ్యెత్తడమే... ఊర్లో పెద్దల పంచాయితీలో అట్లాగే చూశాం. మా అందరికంటే పెద్దవాడు, ఎదురుగా కూర్చొని గుడ్లురుముతుంటే నాకెవరు చెయ్యెత్తుతారు? ఎత్తినవాళ్లకు సాయంత్రం బ్యాటు దొరకదు, సైకిలు అసలే దొరకదు. పైగా ఆ రోజు రాజైనవాడిదే బేనిషా మామిడిపండ్ల గంపలో మొదటి పండు. నేను ఎన్ని కోటలు పట్టినా, సభలో నా చెయ్యి ఒక్కటే లేచేది.

"నీకు రాజ్యమెందుకు మే? గమ్మున రాణిగా ఉండు" అనేవాడు. ఒళ్లు మండిపోయేది నాకు.

ఇంతలో చిన్నాన్నకు రాజంపేటలో ఉద్యోగం వచ్చింది. "రేపు ఆఖరి ఆట. ఎవురు రాజైతే పెట్టె వాళ్లదే. మళ్లా నా దగ్గరికి కొట్లాటలు తేవద్దండి" అన్నాడు. నాకు అన్నం సయించలేదు. చంద్రన్న గెలిస్తే పెట్టె కల్లూరు పోతుంది, ఇక నా కంటికి కనపడదు.

ఆ ఏడాదే మా జేజి, అంటే నాన్న వాళ్లమ్మ, తాతతో కలిసి ఓటెయ్యడానికి పోతూ నన్ను వెంట తీసుకుపోయింది. తిరిగి వస్తుంటే, ఎవరికేశావని తాత అడిగాడు. "అది నాకు తెల్సు, ఆ డబ్బాకు తెల్సు. నువ్వడగొద్దు, నేను చెప్పను" అంది జేజి. ఇంట్లో అందరినీ గదమాయించే తాత, తువ్వాలు దులిపి భుజానేసుకొని ఇంటి దారి పట్టాడు.

ఆఖరి ఆటలో సభ కూడింది. రాజయ్యే వంతుకు మిగిలింది చంద్రన్న, నేను. అప్పుడు లేచి అన్నాను... "ఈసారి చెయ్యెత్తేది లేదు. జేజి ఏసినట్ల గుట్టుగా ఏద్దాం."

"ఓడిపోతావని కొత్త కొత్తవి పెడ్తాండావు" అన్నాడు చంద్రన్న.

చిన్నాన్న ఆట పుస్తకం తిరగేశాడు. "చెయ్యే ఎత్తాలని ఈడ యాడా లేదప్పా. అందరూ నీ పక్కనే ఉండారు కదా, నీకేం భయం?"

భయమనేసరికి చంద్రన్నకు పౌరుషం వచ్చింది. "కానీ" అన్నాడు.

జేజి తన వక్కాకు సంచి ఖాళీ చేసి ఇచ్చింది. తలా ఒక చింతగింజ, ఒక శనగగింజ. చింతగింజ నాకు, శనగ చంద్రన్నకు. నడిమింట్లో ఉన్న సంచిలోకి ఒకటి వేసి, రెండోది దొడ్లోకి విసిరేసి రావాలి. ఒక్కొక్కరమే పోయొచ్చాం. సుజాత పావడకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఖాజా ఎంతసేపటికీ రాలేదు, వచ్చాక ఎవరి మొహమూ చూడలేదు.

జేజి సంచి బండ మీద బోర్లించింది. మొదట శనగ దొర్లింది. వెనకాలే చింతగింజ... ఇంకొకటి... ఇంకొకటి.

నేను గెలిచాను. నేనే రాజు. పడసాలంతా గంతులేశాను. జేజి తాత తువ్వాలు తీసి నాకు తలపాగా చుట్టింది. మొదటి పండు చంద్రన్న ఎదురుగా కూర్చొని, మోచేతుల దాకా రసం కార్చుకుంటూ తిన్నాను. అంత తీపి పండు మళ్లీ తినలేదు, అబద్ధమెందుకు. పండు తిన్నాక నా మొదటి శాసనం వేశాను... ఇకమీదట చెయ్యెత్తేది లేదు, ఓట్లన్నీ సంచిలోనే.

ఆ పెట్టె ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఇద్దరు దొరలు పోతే, వాళ్ల స్థానంలో చొక్కా గుండీలు కోటలేలుతున్నాయి.

మొన్న సుజాత కూతురి పెళ్లిలో నలుగురం కలిశాం. మాటల్లో ఆ ఆట వచ్చింది. "నీకే ఏసినా కదా" అంది సుజాత. "అల్లా మీద ఒట్టు, నేనూ నీకే" అన్నాడు ఖాజా. చంద్రన్నకు ఇప్పుడు పొట్ట వచ్చింది, జుట్టు పోయింది. నవ్వుతూ అన్నాడు... "నేను గూడా నీకే ఏసినా మే. అందరూ నాకే ఏస్తారులే, పాపం దీనికి రెండోది ఒకటన్నా పడనీ అని."

నా ఓటు నేనే వేసుకున్నాను. మరి ఆ శనగగింజ ఎవరిది?

అడగలేదు. జేజి ఉంటే అడగనిచ్చేది కాదు. ఆ పడసాల లేదు, ఆ వక్కాకు సంచీ లేదు. ఇప్పుడు మా పాప ఫోనులో ఏదో ఒక ఆట గెలుస్తుంది... చప్పట్లు కూడా ఆ ఫోనే కొడుతుంది. తనకు ఓటేసేవాళ్లు ఎదురుగా ఎవరూ ఉండరు.

మీకు ఉండేవాళ్లా అట్లా, గుట్టుగా మిమ్మల్ని గెలిపించినవాళ్లు? కింద వాళ్ల పేరు రాయండి, చదువుకుంటాను. శనగగింజ వేసినవాళ్లు కూడా ఇది చదువుతుంటారని తెలుసు... రేపు ఆదివారం ఆటకు రండి. సంచి కొత్తది కుట్టాను.